షేర్ చేసిన డాక్యుమెంట్‌లో కొంత భాగాన్ని మాత్రం ఎవరూ మార్చకుండా చేయడం ఎలా?

"ఫైల్ నలుగురికీ పంపాలి, ఎవరి వివరాలు వాళ్ళు నింపాలి, మిగతా మేటర్ మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు. కుదురుతుందా?" స్కూళ్ళలో పనిచేసేవాళ్ళు, అపార్ట్‌మెంట్ సంఘాల్లో కాగితాల పని చూసేవాళ్ళు, కాలేజీల్లో అందరి రిపోర్టులూ ఒకచోట చేర్చేవాళ్ళు నన్ను అడిగేది ఎప్పుడూ ఇదే. ఒక్కొక్కరికీ ఫోన్లో "ఇప్పుడు పైన రివ్యూ అని ఉంది చూడండి" అని చెప్పే బదులు మొత్తం ఒకేసారి రాసేద్దామని కూర్చున్నాను. కుదురుతుంది. మీరు వాడేది మైక్రోసాఫ్ట్ వర్డా, లిబ్రే ఆఫీసా, గూగుల్ డాక్సా అన్నదాన్ని బట్టి దారి మారుతుంది, అంతే. గూగుల్ డాక్స్‌లో మాత్రం నేరుగా దారి లేదు, దాని సంగతి చివర్లో చెప్తాను.

ఉదాహరణకి అద్దె అగ్రిమెంట్ తీసుకుంటున్నాను. మా అపార్ట్‌మెంట్‌లో ఇళ్ళు అద్దెకిచ్చేవాళ్ళందరికీ ఒకే నమూనా ఉంటుంది. ఓనర్ పేరు, అద్దెకు వచ్చేవాళ్ళ పేరు, ఫ్లాట్ నంబరు, అద్దె, అడ్వాన్స్, తేదీ, ఈ ఆరు ఖాళీలు నింపితే చాలు. గడువు 11 నెలలు అన్నది మాత్రం మారకూడదు, ఎందుకంటే మా అపార్ట్‌మెంట్‌లో అందరూ 11 నెలలకే రాసుకుంటారు. ఒకసారి ఆ ఫైల్ ఓనర్ దగ్గర నుంచి అద్దెకు వచ్చేవాళ్ళకి, అక్కడి నుంచి మధ్యవర్తికి, మళ్ళీ నా దగ్గరికి తిరిగి వచ్చేసరికి "ఖాళీ చేసే ముందు రెండు నెలల నోటీసు" అన్నది "ఒక నెల నోటీసు" అయింది. ఎవరు మార్చారో ఎవరికీ తెలియదు, కావాలని మార్చారని కూడా నేను అనుకోను, పాత ఫైల్ లోంచి ఒక పేరా తెచ్చి అతికించి ఉంటారు. సంతకాలు అయిపోయాక బయటపడింది, రెండు కుటుంబాల మధ్య మాటా మాటా పెరిగింది. లాక్ చేసి ఉంటే ఆ గొడవే ఉండేది కాదు. అందుకే ఈ విషయం నాకు చిన్నదిగా అనిపించదు.

మొదలుపెట్టే ముందు ఇవి దగ్గర పెట్టుకోండి:

- విండోస్ కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసిన వర్డ్. బ్రౌజర్‌లో తెరిచే వర్డ్‌తో, ఫోన్ వర్డ్‌తో ఈ పని చేయకండి. మ్యాక్‌లో మెనూ వేరుగా ఉంటుంది కాబట్టి లాక్ వేసే పని వరకు విండోస్ మీదే చేసుకోండి.
- మీ ఫైల్‌కి ఒక అసలు కాపీ. "అద్దె నమూనా, అసలు" అని పేరు పెట్టి, ఎవరికీ పంపని ఫోల్డర్‌లో దాచండి. లాక్ వేసేది దీనికి కాదు, దీని నకలుకి.
- ఒక పాస్‌వర్డ్, అది రాసి పెట్టుకోవడానికి ఒక చోటు. మర్చిపోతే మైక్రోసాఫ్ట్ వాళ్ళు కూడా తీసి ఇవ్వరు.
- పరీక్ష చేయడానికి ఇంకొకరి కంప్యూటర్, ఒక ఫోన్. ఇది మాత్రం వదిలేయకండి.

ఇంకో మాట. ఫైల్‌లో ట్రాక్ చేంజెస్ గుర్తులు, అంటే ఎర్రగా కొట్టేసిన మాటలు, పక్కన కామెంట్లు ఉంటే ముందు వాటన్నిటినీ ఒప్పుకోవడమో తీసేయడమో చేసి మేటర్ శుభ్రం చేసుకోండి. లాక్ పడ్డాక వాటిని కదిలించడం కుదరదు.

పద్ధతి 1: మొత్తం లాక్ చేసి, ఖాళీలు మాత్రం వదలడం

నూటికి తొంభై మందికి సరిపోయేది ఇదే.

1. వర్డ్‌లో ఫైల్ తెరిచి పైన రివ్యూ ట్యాబ్ నొక్కండి. కుడి చివర ప్రొటెక్ట్ దగ్గర రెస్ట్రిక్ట్ ఎడిటింగ్ అని ఉంటుంది. నొక్కితే కుడి పక్కన ఒక పట్టీ తెరుచుకుంటుంది, అందులో 1, 2, 3 అని మూడు భాగాలు కనిపిస్తాయి.

2. మొదటి భాగం ఫార్మాటింగ్ రెస్ట్రిక్షన్స్. దీనికి టిక్ పెడితే ఫాంటు, సైజు వంటివి ఇష్టమొచ్చినట్టు మార్చడం ఆగుతుంది. తెలుగు ఫైళ్ళకి ఇది బాగా పనికొస్తుంది. ఒకరు గౌతమిలో, ఒకరు నిర్మలలో, ఒకరు ఇంకేదో ఫాంటులో నింపితే అగ్రిమెంట్ చూడ్డానికి అతుకుల బొంతలా తయారవుతుంది. ఇంగ్లీషు ఫైల్ అయితే దీన్ని వదిలేసినా పర్లేదు.

3. రెండో భాగంలో, ఫలానా రకం ఎడిటింగ్ మాత్రమే అనుమతించు అన్న వాక్యానికి టిక్ పెట్టండి. కింద ఉన్న జాబితాలో నో చేంజెస్ (రీడ్ ఓన్లీ) ఎంచుకోండి.

4. ఇప్పుడు అసలు పని. ఎవరైనా నింపాల్సిన మొదటి ఖాళీని మౌస్‌తో సెలెక్ట్ చేయండి. కంట్రోల్ కీ నొక్కి పట్టుకుని రెండో ఖాళీ, మూడో ఖాళీ, అలా ఆరూ సెలెక్ట్ చేయండి. పట్టీలో ఎక్సెప్షన్స్ కింద ఎవ్రీవన్ అన్న చోట టిక్ పెట్టండి. కంట్రోల్ కీ పట్టుకోవడం కష్టమనిపిస్తే ఒక్కో ఖాళీ సెలెక్ట్ చేసి, ఒక్కోసారి టిక్ పెట్టుకుంటూ వెళ్ళండి, ఫలితం ఒకటే.

5. మూడో భాగంలో యెస్, స్టార్ట్ ఎన్‌ఫోర్సింగ్ ప్రొటెక్షన్ బటన్ నొక్కండి. పాస్‌వర్డ్ రెండుసార్లు కొట్టి ఓకే చేయండి. పాస్‌వర్డ్ ఖాళీగా వదిలినా లాక్ పడుతుంది, కానీ అప్పుడు స్టాప్ ప్రొటెక్షన్ నొక్కిన ఎవరికైనా ఊడిపోతుంది.

6. వదిలిన ఖాళీల చుట్టూ బ్రాకెట్లు, వెనక లేత పసుపు రంగు కనిపిస్తాయి. సేవ్ చేయండి. ఆ రంగు స్క్రీన్ మీదే, ప్రింట్‌లో రాదు.

మూడో స్టెప్పులో నో చేంజెస్ బదులు కామెంట్స్ ఎంచుకుంటే, షరతుల మీద ఎవరికైనా అభ్యంతరం ఉన్నప్పుడు మేటర్ మార్చకుండా పక్కన కామెంట్ రాయొచ్చు, ఖాళీలు మామూలుగానే నింపుకోవచ్చు. చర్చ ఇంకా నడుస్తున్న ఫైల్‌కి నేను దీన్నే వాడతాను. నోరు నొక్కేసినట్టు ఉండదు, మేటరూ చెదరదు.

ఇక్కడ అందరూ చేసే తప్పులు కొన్ని ఉన్నాయి. ఖాళీ దగ్గర ఏమీ సెలెక్ట్ చేయకుండా ఊరికే కర్సర్ పెట్టి ఎవ్రీవన్ టిక్ చేస్తారు, తర్వాత "నాకు నింపడానికి రావట్లేదండీ" అని ఫోన్ వస్తుంది. ఖాళీలో "ఇక్కడ పేరు రాయండి" అని ఏదో ఒక మాట పెట్టి, ఆ మాట మొత్తాన్ని సెలెక్ట్ చేయండి. చుక్కల గీతలు పెట్టి వాటిని సెలెక్ట్ చేయడం కూడా చూశాను. నింపేవాళ్ళు చుక్కలు తీయకుండా మధ్యలో పేరు కొడితే లైను పక్కకి జరిగిపోతుంది, అందుకే చుక్కలు వద్దు. ఇంకొందరు వాక్యంలో కొంత భాగం వదలబోయి పక్క మాటల్ని కూడా సెలెక్ట్ చేసేస్తారు. "నెలకు రూ." అన్నది కూడా పసుపులోకి వచ్చిందనుకోండి, దాన్ని ఎవరైనా చెరిపేయొచ్చు. మౌస్ చేయి జారుతుంటే షిఫ్ట్ కీ పట్టుకుని బాణం గుర్తు కీలతో ఒక్కో అక్షరం సెలెక్ట్ చేయండి, తెలుగు అక్షరాలకి వత్తులు, గుణింతాలు ఉంటాయి కాబట్టి ఇదే మేలు.

అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది ఎంటర్ కీ. వదిలిన ఖాళీలో ఎంటర్ కొట్టకుండా ఈ పద్ధతి ఆపదు. అగ్రిమెంట్ మొదటి పేజీని స్టాంప్ పేపర్ మీద ప్రింట్ తీస్తాం, పైన స్టాంపు ఉన్న భాగం వదిలి కింద నుంచి మేటర్ మొదలవుతుంది. పేరు దగ్గర ఎవరో రెండుసార్లు ఎంటర్ కొడితే ఆఖరి రెండు లైన్లు రెండో పేజీకి పోతాయి, స్టాంప్ పేపరు వృథా. మీ ఫైల్‌కి కూడా ఇలా పేజీ కొలత ముఖ్యమైతే కింది పద్ధతి చూడండి.

పద్ధతి 2: ఫారంలా చేసి, కొన్ని సెక్షన్లు మాత్రం లాక్ చేయడం

పద్ధతి 1 కి ఇది తలకిందులు అనుకోవచ్చు. ఫైల్‌లో ఎక్కువ భాగం అందరూ రాయాలి, ముందు పేజీలో ఉన్న నియమాలు మాత్రం కదలకూడదు అన్నప్పుడు ఇది సరైనది. కాలేజీ వార్షిక నివేదికలు, సంఘం సమావేశాల మినిట్స్ ఇలాంటివే.

1. లాక్ కావాల్సిన భాగం ఎక్కడ ముగుస్తుందో అక్కడ కర్సర్ పెట్టి లేఅవుట్ ట్యాబ్‌లో బ్రేక్స్, అందులో సెక్షన్ బ్రేక్స్ కింద ఉన్న కంటిన్యుయస్ నొక్కండి. ఆ భాగం ఫైల్ మధ్యలో ఉంటే దాని ముందు ఒకటి, వెనక ఒకటి పెట్టాలి. పేజ్ బ్రేక్ పెడితే పని జరగదు, సెక్షన్ బ్రేకే పెట్టాలి. రెండూ ఒకే మెనూలో ఉంటాయి కాబట్టి చాలామంది పొరబడతారు.

2. లాక్ అయ్యే సెక్షన్‌లో కూడా నింపాల్సిన ఖాళీలు ఉంటే అక్కడ కంటెంట్ కంట్రోల్స్, అంటే లాక్ పడ్డాక కూడా నింపగలిగే గడులు పెట్టాలి. దానికి డెవలపర్ ట్యాబ్ కావాలి, మామూలుగా అది కనిపించదు. ఫైల్, ఆప్షన్స్, కస్టమైజ్ రిబ్బన్‌లోకి వెళ్ళి కుడివైపు జాబితాలో డెవలపర్‌కి టిక్ పెట్టండి.

3. పేరు, అడ్రసు లాంటి వాటికి ప్లెయిన్ టెక్స్ట్ కంటెంట్ కంట్రోల్ పెట్టండి. ఇందులో ఎంటర్ కొడితే కొత్త లైను రాదు, మీరు ప్రాపర్టీస్‌లోకి వెళ్ళి కావాలని టిక్ పెడితేనే వస్తుంది. నా స్టాంప్ పేపర్ సమస్య తీరింది దీనితోనే. తేదీకి డేట్ పికర్ పెట్టండి. మనవాళ్ళు 05/06 అని రాస్తే జూన్ 5, కానీ కొన్ని కంప్యూటర్లు మే 6 అనుకుంటాయి, క్యాలెండర్ లోంచి ఎంచుకుంటే ఆ గందరగోళం ఉండదు.

4. రెస్ట్రిక్ట్ ఎడిటింగ్ పట్టీలో ఈసారి ఫిల్లింగ్ ఇన్ ఫార్మ్స్ ఎంచుకోండి. వెంటనే కింద సెలెక్ట్ సెక్షన్స్ అన్న లింకు వస్తుంది. అది రాలేదంటే మీరు పెట్టింది సెక్షన్ బ్రేక్ కాదన్నమాట. లింకు నొక్కి, లాక్ కావాల్సిన సెక్షన్లకి టిక్ ఉంచి మిగతా వాటికి తీసేయండి.

5. స్టార్ట్ ఎన్‌ఫోర్సింగ్, పాస్‌వర్డ్, సేవ్. పైన చెప్పినట్టే.

ఒక హెచ్చరిక. ఈ లాక్ ఉన్నంతసేపు కామెంట్లు పెట్టడం, ట్రాక్ చేంజెస్ వంటివి పనిచేయవు, చాలా బటన్లు మసకగా కనిపిస్తాయి. ఫైల్ పాడైందని అవతలివాళ్ళు టెన్షన్ పడతారు, పంపేటప్పుడే ఒక ముక్క చెప్పండి.

ఒకే ఒక్క పేరా కదలకుండా ఉంటే చాలనుకుంటే ఇంత పని అక్కర్లేదు. ఆ పేరా సెలెక్ట్ చేసి, డెవలపర్ ట్యాబ్‌లో రిచ్ టెక్స్ట్ కంటెంట్ కంట్రోల్ నొక్కి, ప్రాపర్టీస్‌లో కంట్రోల్‌ని తొలగించకూడదు, లోపలి మేటర్ మార్చకూడదు అన్న రెండు గడులకీ టిక్ పెట్టండి. దీనికి పాస్‌వర్డ్ ఉండదు, డెవలపర్ ట్యాబ్ తెలిసినవాళ్ళు టిక్ తీసేయగలరు. ఇంట్లోవాళ్ళ మధ్య, నమ్మకమైన టీంలో సరిపోతుంది.

లిబ్రే ఆఫీస్ వాడేవాళ్ళకి

ఇక్కడ పని ఇంకా సులువు, నిజానికి ఈ ఒక్క విషయంలో వర్డ్ కంటే ఇదే నాకు నచ్చుతుంది, ఎందుకంటే కావాల్సిన పేరాకే నేరుగా లాక్ పడుతుంది.

1. పేరా సెలెక్ట్ చేసి ఇన్సర్ట్ మెనూలో సెక్షన్ నొక్కండి.
2. రైట్ ప్రొటెక్షన్ కింద ప్రొటెక్టెడ్ టిక్ పెట్టి, దాని కిందే ఉన్న విత్ పాస్‌వర్డ్ కూడా టిక్ పెట్టి పాస్‌వర్డ్ ఇవ్వండి.
3. తర్వాత మార్చాలంటే ఫార్మాట్ మెనూలో సెక్షన్స్ లోకి వెళ్ళాలి.

టేబుల్‌లో కొన్ని గడులు మాత్రమే లాక్ కావాలంటే అవి సెలెక్ట్ చేసి టేబుల్ మెనూలో ప్రొటెక్ట్ సెల్స్ నొక్కితే చాలు. ఫైల్‌ని లిబ్రే ఆఫీస్ సొంత ఓడీటీ రూపంలోనే సేవ్ చేసి పంపండి. వర్డ్ ఫైల్‌గా మార్చి పంపితే లాక్ అలాగే నిలుస్తుందని నమ్ముకోవద్దు.

గూగుల్ డాక్స్‌లో మరి?

ఒక పేరా లాక్ చేసే సదుపాయం గూగుల్ డాక్స్‌లో లేదు. గూగుల్ షీట్స్‌లో ఉంది, డేటా మెనూలో ప్రొటెక్ట్ షీట్స్ అండ్ రేంజెస్ అని, అది చూసి డాక్స్‌లో కూడా ఎక్కడో ఉంటుందని గంటలకొద్దీ వెతుకుతారు. వెతక్కండి. బదులుగా ఇవి చేయొచ్చు:

- మారకూడని భాగాన్ని వేరే డాక్యుమెంట్‌గా విడదీసి, దాన్ని అందరికీ వ్యూయర్‌గా షేర్ చేయండి. నింపాల్సిన దాన్ని ఎడిటర్‌గా ఇచ్చి, అందులో మొదటి దానికి లింకు పెట్టండి.
- మేటర్ మీద అభిప్రాయాలు మాత్రమే కావాలంటే కామెంటర్‌గా ఇవ్వండి. వాళ్ళు మార్చినా అది సూచనగానే పడుతుంది, మీరు ఒప్పుకుంటేనే మారుతుంది.
- ఒక్కొక్కరూ విడిగా నింపాల్సిన నమూనా అయితే, ఫైల్‌ని వ్యూయర్‌గా షేర్ చేసి, పంపే లింకు చివర ఉన్న ఎడిట్ అన్న ఇంగ్లీషు మాట, దాని వెనక ఏమన్నా ఉంటే అది కూడా తీసేసి, అక్కడ కాపీ అని ఇంగ్లీషులోనే పెట్టండి. నొక్కినవాళ్ళకి సొంత కాపీ తయారవుతుంది, మీ ఫైల్ పదిలంగా ఉంటుంది.
- నింపాల్సింది ఎలాగూ పట్టికే అయితే షీట్స్‌కి మారిపోండి.

ఏది చేసినా షేర్ పెట్టెలో పైన ఉన్న చక్రం గుర్తు నొక్కి, ఎడిటర్లు ఇతరులకి షేర్ చేయొచ్చు అన్న టిక్ తీసేయండి. ఫైల్ మెనూలో వర్షన్ హిస్టరీకి వెళ్ళి ఇప్పటి రూపానికి "అందరికీ పంపే ముందు" అని ఒక పేరు పెట్టండి. ఎవరైనా చెడగొట్టినా ఒక్క నొక్కుతో వెనక్కి తెచ్చుకోవచ్చు.

లాక్ నిజంగా పడిందా? ఇలా చూసుకోండి

లాక్ వేసినవాళ్ళలో ఎక్కువమంది అదే కంప్యూటర్‌లో ఒకసారి చూసి పంపేస్తారు. అది చాలదు.

1. ఫైల్ మూసేసి మళ్ళీ తెరవండి. లాక్ ఉన్న పేరాలో కర్సర్ పెట్టి ఒక అక్షరం కొట్టండి, డిలీట్ నొక్కండి, ఇంకో చోట నుంచి కాపీ చేసిన వాక్యం అతికించి చూడండి. మూడూ ఆగాలి.
2. ప్రతి ఖాళీ నింపి చూడండి, ఒక్కటి కూడా వదలొద్దు. మొదటి పద్ధతి వాడితే కుడి పట్టీలో ఫైండ్ నెక్స్ట్ రీజియన్ ఐ కెన్ ఎడిట్ బటన్ నొక్కుతూ లెక్కపెట్టండి. నా అగ్రిమెంట్‌లో ఆరు రావాలి. ఐదే వస్తే ఒకటి మర్చిపోయాను, ఏడు వస్తే ఎక్కడో చేయి జారింది.
3. స్టాప్ ప్రొటెక్షన్ నొక్కండి. పాస్‌వర్డ్ అడగాలి. అడగకుండా ఊడిపోతే మీరు పాస్‌వర్డ్ పెట్టలేదు.
4. ఫైల్‌ని వాట్సాప్‌లో మీకు మీరే పంపుకుని ఫోన్‌లో తెరవండి. మన దగ్గర సగం మంది తెరిచేది అక్కడే. ఇలా లాక్ చేసిన ఫైల్ బ్రౌజర్‌లోని వర్డ్‌లో చదవడానికే తెరుచుకుంటుంది, ఖాళీలు కూడా నింపనివ్వదు. వేరే కంపెనీల ఆఫీస్ యాప్‌లు లాక్‌ని పట్టించుకుంటాయన్న గ్యారంటీ లేదు. అందుకని పంపేటప్పుడే "కంప్యూటర్‌లో వర్డ్‌తో తెరిచి నింపండి" అని రాయండి. కంప్యూటర్ లేనివాళ్ళుంటే వాళ్ళ వివరాలు ఫోన్లో అడిగి మీరే నింపడం మంచిది, పెద్దవాళ్ళకి ఇది మరీ అవసరం.

తిరిగి వచ్చిన ఫైల్‌ని పోల్చకుండా ప్రింట్ తీయొద్దు

ఈ లాక్ తలుపుకి వేసే గడియ లాంటిది, బీరువా తాళం కాదు. పొరపాటున మార్చేవాళ్ళని ఆపుతుంది. కావాలనుకున్నవాళ్ళు నో చేంజెస్ లాక్ ఉన్న ఫైల్‌ని మొత్తం సెలెక్ట్ చేసి, కాపీ కొట్టి, కొత్త ఫైల్‌లో అతికించి, రెండు నెలల్ని ఒక నెల చేసి పంపగలరు. పైకి చూస్తే అదే ఫైల్‌లా ఉంటుంది. లోపలి మేటర్ కూడా దాచబడదు, చదవకూడని విషయం ఏదైనా ఉంటే అది ఆ ఫైల్‌లో అసలు ఉండకూడదు.

అందుకే ఫైల్ తిరిగి రాగానే నేను చేసేది ఇది:

1. మొదట స్టాప్ ప్రొటెక్షన్ నొక్కి చూస్తాను. నేను పెట్టిన పాస్‌వర్డ్‌తో తెరుచుకోకపోయినా, అసలు లాకే లేకపోయినా ఆ ఫైల్ నాది కాదు. పంపినవాళ్ళకి ఫోన్ చేసి, నా ఫైల్‌లోనే మళ్ళీ నింపమంటాను.
2. తెరుచుకుంటే ఆ వచ్చిన ఫైల్‌కి ఒక నకలు తీసి, నకలు మీద లాక్ తీసేస్తాను.
3. రివ్యూ ట్యాబ్‌లో కంపేర్ నొక్కి, ఒరిజినల్ అన్నచోట దాచిపెట్టిన అసలు కాపీ, రివైజ్డ్ అన్నచోట ఈ నకలు ఇస్తాను. లిబ్రే ఆఫీస్‌లో అయితే ఎడిట్ మెనూలో ట్రాక్ చేంజెస్, అందులో కంపేర్ డాక్యుమెంట్.
4. తేడాలన్నీ రంగుల్లో వస్తాయి. ఆరు ఖాళీల్లో తప్ప ఇంకెక్కడా రంగు కనిపించకూడదు. ఒక్క కామా దగ్గర కనిపించినా ఆగి చదువుతాను.

దీనికి రెండు నిమిషాలు కూడా పట్టదు. ఆ నోటీసు గొడవ జరిగిన రోజు ఈ రెండు నిమిషాలు నేను పెట్టలేదు. లాక్ వేయడం ఇంకా అలవాటు కానివాళ్ళు, పైవన్నీ రేపు నేర్చుకుందామనుకున్నా, ఈ పోల్చి చూడటం మాత్రం ఇవాళ వచ్చిన ఫైల్‌తోనే మొదలుపెట్టండి.